హాషియా: వస్త్రపు అంచు, గ్రంథపు అంచు

హాషియా అరబ్బీ పదం. వస్త్రపు అంచు, పక్క అని దాని అర్థం. ఫార్సీ, ఉర్దూ భాషలు దీనిని స్వంతం చేసుకున్నాయి. కశ్మీరు శాలువాకు నిడివి పొడవునా సాగే పూల అంచు హాషియాయే. మొగలుల చిత్రపటాల చుట్టూ బంగారు రంగుతో తీర్చిన పట్టీ కూడా హాషియాయే. ఉన్న మాటకు చిలవలు పలవలు చేర్చితే ఉర్దూలో ‘హాషియా చఢానా’ అంటారు. సమాజం పక్కకు నెట్టివేసిన వారిని ‘హాషియే పర్’ ఉన్నవారని నేటి పత్రికలు వ్రాస్తున్నాయి. అంచు అంటే అక్కరలేనిదన్న భావం ఇందులో ఉంది. ఈ పదం నడిచివచ్చిన దారి మాత్రం అందుకు ఒప్పుకోదు.

మగ్గం మీద పేక పోగు వెనుదిరిగేది అంచు దగ్గరే. పడుగు పోగులు విడిపోకుండా నిలిచేది ఆ మలుపు వల్లనే. బట్టను మధ్యలో కత్తిరిస్తే పోగులు ఊడివస్తాయి, నేత అంచు వద్ద ఊడవు.

ఒక స్త్రీ తన చేతులతో నేసిన దుప్పటిని దైవప్రవక్త (స)కు కానుకగా తెచ్చిన వృత్తాంతాన్ని హజ్రత్ సహ్ల్ బిన్ సఅద్ (రజి) ఉల్లేఖించారు. దాని హాషియా నేతలోనే ఉన్నదని ఆయన ప్రత్యేకంగా పేర్కొన్నారు. అది పెద్ద బట్ట నుంచి కత్తిరించిన ముక్క కాదు, సంపూర్ణమైన కొత్త వస్త్రం అని వ్యాఖ్యాతలు దీనికి అర్థం చెప్పారు. దైవప్రవక్త (స)కు ఆ వస్త్రం అవసరమే. అయినా ఒకరు అడిగిన వెంటనే ఇచ్చివేశారు. ఎందుకు అడిగావని తోటివారు ఆ వ్యక్తిని మందలించారు. తన కఫన్ కోసమే అడిగానన్నాడతడు. చివరకు అదే అతని కఫన్ అయింది.

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనంలోని హాషియా వేరు. అది నజ్రాన్ దుప్పటికి ఉన్న దళసరి, మోటు అంచు. ఒక ఎడారివాసి వెనుక నుంచి ఆ దుప్పటిని బలంగా లాగాడు. దైవప్రవక్త (స) భుజం పక్కన ఆ అంచు ఒరిపిడి గుర్తు పడింది. అతడు ధనం అడిగాడు. ఆయన వెనుదిరిగి చూసి నవ్వారు, అతనికి ఇప్పించమన్నారు.

వస్త్రం నుంచి ఈ పదం గ్రంథంలోకి వచ్చింది. పుట నడుమ ఉండేది మత్న్, అంటే మూలం. దానికి వివరణ షరహ్. పుట అంచున వ్రాసే వ్యాఖ్య హాషియా. కాలక్రమంలో అంచుకు ఆ చోటు చాలలేదు. డమాస్కస్ ఫిఖహ్ పండితుడు ఇబ్నె ఆబిదీన్ (మరణం 1836) వ్రాసిన రద్దుల్ ముహ్తార్ అనేక సంపుటాల గ్రంథం. అయినా నేటికీ దానిని ఆయన ‘హాషియా’ అనే పిలుస్తారు. మూలాన్ని వివరించిన షరహ్‌కు అది వ్యాఖ్య.

మన దేశంలో 19వ శతాబ్దంలో మౌలానా అహ్మద్ అలీ సహారన్‌పూరీ సహీహ్ బుఖారీని హాషియాతో ఢిల్లీలో ముద్రింపజేశారు. చివరి భాగపు హాషియాను మౌలానా ఖాసిం నానౌత్వీ పూర్తిచేశారు. నజ్రాన్ దుప్పటి అంచు మాట ఆ పుటల నడుమ పెద్ద అక్షరాలలో ఉంది. చుట్టూ సన్నని అక్షరాలలో మరో హాషియా దానిని కాస్తూ ఉంది.