కోకిల గూడేల కట్టదు?

వసంతమున మామిడితోపులలో వినవచ్చు ఆ మధురకూజితము, పలువురు తలచునట్లు ఆడుదానిది కాదు. నిగనిగలాడు నల్లని మేనును, ఎఱ్ఱని కన్నులును గల మగకోకిలదే. ఆడుది గోధుమవన్నె దేహముపై తెల్లని చుక్కలు దాల్చి, ఆకుల మాటున నడఁగి యుండి, కిక్కుకిక్కుమని మాత్రమే యఱచును.

ఈ దంపతులు గూడు కట్టరు, గ్రుడ్లు పొదుగరు. ఆ భారమంతయు మన దేశమున తఱచుగా కాకులపైఁ బడును. కాకులు గూళ్లు కట్టు వేసవి, వానకాలములే కోకిలలకును గ్రుడ్లు పెట్టు కాలము. మగకోకిల గూటిచెంతకు వచ్చి కాకులకు కోపము రేపి, అవి తన్నుఁ దఱుముచు దూరముగా పోవునట్లు చేయఁగా, ఆ సందున ఆడుది చొరఁబడి గ్రుడ్డు పెట్టి పోవుట కలదు. ఆ గ్రుడ్డు కాకిగ్రుడ్డుకంటె చిన్నదైనను, మచ్చలతోడి వన్నెలో దానిని పోలియుండును.

అంత తెలివిగల కాకి దీని నేల గుర్తింపదు? అనుమానించి తన గ్రుడ్డునే త్రోసివేసికొను నష్టముకంటె పరాయిదానిని పొదుగుటయే మేలగునని కొందఱు శాస్త్రజ్ఞుల యూహ. నాకును అది సమంజసముగానే తోఁచుచున్నది.

కాకిగ్రుడ్డు పొదుగుటకు 16, 17 దినములు పట్టఁగా, కోకిలపిల్ల దాదాపు మూఁడు దినములు ముందుగనే వెలువడి, తొలి మేఁత తానే దక్కించుకొనును. ఐరోపాలోని కోకిలపిల్ల తోడి గ్రుడ్లను వీఁపుతో నెట్టి పాఱవేయును. మనది సాధారణముగా అంతటి క్రౌర్యమునకు పాల్పడదు గనుక, కొన్ని గూళ్లలో కాకిపిల్లలును దానితోఁబాటు పెరుగును. పెద్దదైన పిమ్మట పండ్లనే ముఖ్యముగాఁ దిను ఈ పక్షి, గూడు విడిచిన తరువాతను కొన్నాళ్లు కాకి వెంటఁబడి నోరు తెఱచి మేఁత యడుగుచునే యుండును.