మామ్మగారి మాగాయ – మన వెబ్‌సైటు

మొన్న సంక్రాంతి సంబరాల్లో భోజనాల లైన్లో నిలబడి ఉండగా, కాలేజీలో చదువుతున్న ఒకమ్మాయి వచ్చి, "అంకుల్, 2004లో మా అమ్మమ్మ మన ఉగాది సంచికకి ఏదో రాసిందట. అమ్మ చెప్పింది. అది సైట్లో ఉందా?" అని అడిగింది. "ఎందుకు లేదమ్మా, ఉంది" అన్నాను గర్వంగా. ఆ సైటు కట్టింది నేనే మరి! ఎమ్మెస్ చదవడానికి అమెరికా వచ్చి ఏడాది తిరక్కముందే, "కంప్యూటర్ కుర్రాడివి కదా" అని సంఘం పెద్దలు ఆ పని నా నెత్తిన పెట్టారు. రెండేళ్ళు చేసి తర్వాతి కమిటీకి అప్పజెప్పి చేతులు దులుపుకున్నాను.

ఇంటికెళ్ళి వెతికితే అసలు సైటే లేదు! డొమైన్ పేరు అప్పట్లో ఒక కార్యవర్గ సభ్యుడి సొంత క్రెడిట్ కార్డు మీద కొన్నది. ఆయన వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయారు, కార్డు గడువు తీరింది, రెన్యూ చేయమన్న ఈమెయిళ్ళన్నీ ఆయన వాడటం మానేసిన అడ్రసుకి వెళ్ళాయి. పేరు ఎవరో కొనేసుకున్నారు. సంఘం కొత్త పేరుతో కొత్త సైటు పెట్టుకుంది కానీ పాత పేజీల్ని ఎవరూ తరలించలేదు. అదృష్టం కొద్దీ బేస్‌మెంట్‌లో అట్టపెట్టె అడుగున పాత సీడీ దొరికింది. తెరిచి చూస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, ఎక్కడివో యూరప్ భాషల గుణింతాలు కలగాపులగంగా ఉన్నాయి.

ఆ మామ్మగారు నాకు బాగా గుర్తు. విజిటర్ వీసా మీద ఆరు నెలలకని వచ్చి, మంచులో బయటికి కదల్లేక, పొడుగు నోటుబుక్కులో పన్నెండు పేజీలు రాశారు. కోనసీమలో తమ ఊళ్ళో వేసవి ఊరగాయల సంరంభం గురించి. నేనే టైపు చేశాను. ఆవిడ తర్వాత మళ్ళీ రాలేదు, ఇప్పుడు లేరు. ఆ కాగితాలు ఏం చేశానో నాకే తెలియదు. అంటే ఆ అమ్మాయికి మిగిలింది ఈ సీడీలోని డాలరు గుర్తులే!

తప్పు ఎక్కడ జరిగిందో చెబుతాను, ఎందుకంటే ఇదే తప్పు కొత్త వేషంలో ఇప్పటికీ చేస్తున్నాం. ఆ రోజుల్లో నేను వాడిన ఫాంటులో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. ఫైల్లో ఉండేది ఇంగ్లీషు గుర్తులే, పైన తెలుగు ముసుగు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ముసుగు ఊడిపోతుంది. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే చోటుంది, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు కూడా ఉంది. నాకు తెలియక కాదు, ఆ ఇంకో ఫాంటు అందంగా ఉందని వాడాను!

ఇప్పుడు ఆ ఫాంట్లు పోయాయి కానీ, వాటి బదులు ఫ్లయర్లు వచ్చాయి. ఉగాది తేదీ, వేళ, హాలు అడ్రసు అన్నీ ఒక రంగురంగుల బొమ్మలో పెట్టి అదే సైట్లో అతికిస్తున్నాం. బొమ్మలోని అక్షరాలు గూగుల్లో వెతికితే సరిగా దొరకవు, ఫోనులో పెద్దవి చేస్తే పక్కకి పారిపోతాయి, చూపు తగ్గినవారికి ఫోను చదివి వినిపించలేదు. బొమ్మ పెట్టండి, వద్దనను. దాని కిందే అదే విషయం మామూలు అక్షరాల్లో కూడా రాయండి. అడ్రసు నొక్కితే మ్యాపు తెరుచుకోవాలి. పార్కింగ్ ఎక్కడో కూడా రాస్తే వాలంటీర్లకి ఆ రోజు వంద ఫోన్లు తప్పుతాయి.

తెలుగు పేజీకి కొన్ని ప్రత్యేకమైన జాగ్రత్తలున్నాయి, ఇంగ్లీషు టెంప్లేట్లు వాటిని పట్టించుకోవు. పేజీ మొదట్లో యూటీఎఫ్-8 అనీ, భాష తెలుగు అనీ ప్రకటించాలి. అప్పుడే ఫోను దాన్ని తెలుగుగా చదువుతుంది. మన అక్షరాలకి కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఎడం అక్షరం సైజుకి కనీసం ఒకటిన్నర రెట్లుండాలి. నేను 1.7 పెడతాను. లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస తలకట్ల మీద కూర్చుంటాయి. అక్షరాల్ని వాల్చి రాసే ఇంగ్లీషు అలవాటు తెలుగుకి నప్పదు. ఫాంటుకి ఖర్చు అక్కర్లేదు. సిలికానాంధ్ర వారు విడుదల చేసిన మండలి, గిడుగు, ధూర్జటి వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. మండలి చదవడానికి హాయిగా ఉంటుంది. మిగిలినవి శీర్షికలకి వాడుకోండి. ఇంకొకటి: 'సాఫ్ట్‌వేర్' అని టైపు చేస్తే వ కూడా వత్తుగా పడి నోరు తిరగని మాట తయారవుతుంది. పొల్లు తర్వాత కంటికి కనబడని విడదీసే గుర్తు ఒకటి పెట్టాలి, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్.

ఫోటోల సంగతి క్లుప్తంగా. ఫోను ఫోటో ఒక్కోటి నాలుగైదు మెగాబైట్లుంటుంది. పిక్నిక్ ఫోటోలు నలభై అలాగే ఎక్కిస్తే ఇండియాలో తాతగారి ఫోను తిరుగుతూనే ఉంటుంది. వెడల్పు 1600 పిక్సెళ్ళకి కుదిస్తే రెండు మూడు వందల కిలోబైట్లలో సరిపోతుంది. పిల్లల ఫోటోల కింద పూర్తి పేరు, స్కూలు పేరు వద్దు.

ఆర్భాటాల మాటకొస్తే, మా పాత సైటు తెరవగానే దీపం వెలిగి వీణ మోగేది, ఫ్లాష్‌తో నెల రోజులు కూర్చుని చేశాను! 2020 చివరితో అడోబీ ఫ్లాష్‌కి మంగళం పాడింది. దీపమూ లేదు, వీణా లేదు.

అన్నిటికన్నా ముఖ్యం తాళాలు. డొమైన్ పేరు సంఘం పేరున, సంఘం ఈమెయిలుతో, సంఘం బ్యాంకు కార్డుతో ఉండాలి. ఒకేసారి పదేళ్ళ వరకు కట్టుకోవచ్చు. పాస్‌వర్డులు కనీసం ఇద్దరి దగ్గరుండాలి, కమిటీ మారిన రోజునే చేతులు మారాలి. ఏడాదికోసారి సైటంతా కాపీ తీసి, దాన్ని వేరే కంప్యూటర్లో తెరిచి చూడండి. తెరిచి చూడని కాపీ ఉన్నట్టు కాదని నా సీడీయే సాక్ష్యం.

పిల్లలూ, మీరు నోట్‌ప్యాడ్‌లో పది వరుసల హెచ్‌టీఎమ్ఎల్ రాసి మీ మొదటి పేజీ చేయవచ్చు. మీ అమ్మమ్మగారి ఫోన్లో తెరుచుకుంటే పాసైనట్టే!

సరే, మామ్మగారి వ్యాసం ఏమైందంటారా? పాత గుర్తుల్ని యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రాము రెండు వారాంతాలు కూర్చుని రాశాను. తెలుగు కనబడింది కానీ, ఆ ఫాంటులో 'మ' అంటే 'వ'కి కొమ్ము తగిలించిన ముక్కలు కావడంతో మామిడికాయ కాస్తా 'వూవిుడికాయ' అయింది. ఆ అమ్మాయి మన తెలుగు బడిలో చదువుకున్న పిల్లే, కూడబలుక్కుని చదివి, "అంకుల్, వూగాయ అంటే ఏంటి?" అని మెసేజ్ పెట్టింది. తెలివిగా 'వూ' ఉన్న చోటల్లా 'మా' అని ఒక్క దెబ్బతో మార్చేశాను. ఈసారి మామ్మగారు పాత పద్ధతిలో రాసుకున్న 'మా వూళ్ళో' కాస్తా 'మా మాళ్ళో' అయి కూర్చుంది!

చివరికి ఆ తల్లీకూతుళ్ళే ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని పన్నెండు పేజీలూ దిద్దారు. తల్లి పైకి చదివింది, కూతురు టైపు చేసింది. పేజీ ఇప్పుడు కొత్త సైట్లో ఉంది. మాగాయకి ముక్కలు ఎన్నాళ్ళు ఎండాలన్న దగ్గర మాత్రం ఒక పదం సీడీలోనే చెడిపోయి దొరకలేదు. అక్కడ ఖాళీ వదిలి, తెలిసినవారు చెప్పమని కింద రాసి ఉంచారు.