ముద్ద దిగనప్పుడు

మామిడి కోతలు మొదలైతే చాట్రాయి చుట్టుపక్కల ఎవరికీ ఒంటి మీద ధ్యాస ఉండదు. తెల్లారకముందే తోటకి వెళ్లాలి, పొద్దుపోయాక లారీకి లోడెత్తాలి. వేళకు తిండి ఉండదు. ఛాతీలో మంటొస్తే మందుల షాపులో ఒక గ్యాస్ మాత్ర కొని వేసుకుంటారు. చాలామందికి దాంతో నిజంగానే తగ్గుతుంది కూడా. కానీ అన్నం ముద్ద గొంతు దాటాక ఛాతీ మధ్యలో ఎక్కడో ఆగినట్టుండి, నీళ్లు తాగితే గానీ కిందికి జారకపోతే, అది గ్యాస్ కాదు. దాన్ని మాత్రలతో నెట్టుకురాకూడదు.

అన్నవాహిక దాదాపు 25 సెంటీమీటర్ల కండరపు గొట్టం. అది సాగుతుంది కాబట్టి లోపల కంతి పెరుగుతున్నా మొదట్లో తెలియదు. దారి బాగా ఇరుకయ్యాకే బాధ మొదలవుతుంది. ముందు మాంసం ముక్క, రొట్టె అడ్డుపడతాయి. కొన్నాళ్లకు మెత్తటి అన్నం, చివరికి మజ్జిగ కూడా దిగదు. ఇలా వారాల తరబడి ముదురుతూ మనిషి చిక్కిపోతుంటే క్యాన్సర్ ఉందేమో చూసి తీరాలి. పొగాకు, మందు రెండూ అలవాటున్నవాళ్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ. అలాకాక మొదటి నుంచీ ముద్దా నీళ్లూ రెండూ అడ్డుపడుతుంటే కండరాల కదలికలో లోపం కావచ్చు. అందుకే డాక్టరు దగ్గర ‘మింగుడు పడటం లేదు’ అని ఊరుకోకుండా ముందు ఏది ఆగింది, ఎన్నాళ్లయింది, బరువు ఎంత తగ్గింది అన్నది చెప్పండి. రక్తపు వాంతి అయినా, విరేచనం నల్లగా జిగటగా అయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

కారణం తెలియాలంటే నోటి గుండా కెమెరా గొట్టం దించి అన్నవాహికను చూస్తారు, అదే ఎండోస్కోపీ. ఈ పరీక్షంటే జనానికి ఉన్న భయం నాకు తెలుసు. గొట్టం వేస్తే ఊపిరాడదని అనుకుంటారు. ఊపిరి వెళ్లే గొట్టం ముందు ఉంటుంది, అన్నవాహిక దాని వెనక ఉంటుంది. కెమెరా పోయేది వెనకదాంట్లోకి. 1868లో జర్మనీలో కుస్‌మాల్ అనే వైద్యుడు కత్తులు మింగే గారడీవాడి గొంతులోకి తిన్నటి లోహపు గొట్టం దించి చూశాడు. అప్పటి భయానికి అర్థం ఉంది. 1954లో మన పంజాబీ శాస్త్రవేత్త నరీందర్ సింగ్ కపానీ, హాప్‌కిన్స్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి, వంగే గాజు పోగుల కట్ట గుండా బొమ్మను పంపవచ్చని లండన్‌లో చూపించాడు. అది చదివిన బేసిల్ హిర్షోవిట్జ్ అనే వైద్యుడు అమెరికాలో అలాంటి ఎండోస్కోపు తయారుచేసి 1957లో ముందుగా తన గొంతులోకే దింపుకున్నాడు. ఇప్పటి గొట్టం సుమారు ఒక సెంటీమీటరు లావు, చివర చిన్న కెమెరా. ఈ విద్యను మన దగ్గర పెంచినవారిలో డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి ముఖ్యులు. హైదరాబాద్‌లో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని స్థాపించిన ఆయనకు 2025లో పద్మవిభూషణ్ వచ్చింది.

కడుపు ఖాళీగా ఉండటం మాత్రం తప్పదు. ఘనాహారం తిని కనీసం ఆరు గంటలు గడవాలి. మంచినీళ్లయినా ఎప్పటిదాకా తాగవచ్చో ఆసుపత్రిలో అడిగి తెలుసుకోవాలి. ఒక చిన్నరసం పండే కదా, పాలు కలిపిన టీయే కదా అనుకోవద్దు. అవీ ఆహారమే. గొంతు మొద్దుబారి, మత్తులో ఉన్నప్పుడు కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. చాట్రాయి నుంచి నూజివీడు మీదుగా విజయవాడ వెళ్లేవాళ్లు తెల్లవారుజామునే పరగడుపున బయల్దేరతారు. వాళ్లలో షుగరున్నవాళ్లు రోజూ వేసుకునే ఇన్సులినో మాత్రో అలవాటుగా వేసుకుని బస్సెక్కితే దారిలోనే షుగర్ పడిపోవచ్చు. ఆ పూట మందు సంగతి ముందు రోజే అడగాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే అదీ చెప్పాలి, సొంతంగా మానేయకూడదు. కట్టుడు పళ్లుంటే తీసేయాలి.

పరీక్ష గదిలో ముందు గొంతులో చేదుగా ఒక స్ప్రే కొడతారు. మింగలేకపోతున్నట్టు అనిపిస్తుంది. అది మందు పని చేస్తున్న గుర్తే. ఎడమ పక్కకు పడుకోబెట్టి, పళ్ల మధ్య ప్లాస్టిక్ బిళ్ల పెడతారు. ముక్కుతో నిదానంగా ఊపిరి తీసుకుంటూ, లాలాజలాన్ని మింగకుండా బయటికి వదిలేస్తే ఓకరింత తగ్గుతుంది. మామూలుగా ఐదు పది నిమిషాల్లో అయిపోతుంది. చిన్న ముక్క తీసినా నొప్పి తెలియదు. ముక్క తీశారంటే క్యాన్సరేనని బెంగపడనక్కర్లేదు, మామూలు వాపుకీ తీస్తారు. తిమ్మిరి పోయాకే నీళ్లు తాగాలి. మత్తిచ్చి ఉంటే ఆ రోజు బండి నడపకూడదు, కాబట్టి తోడుగా ఒకరుండాలి. గోడకు చిల్లు పడటం చాలా అరుదు. అయినా ఇంటికొచ్చాక ఛాతీలో తీవ్రమైన నొప్పి, జ్వరం, మెడ దగ్గర వాపు కనిపిస్తే వెంటనే తిరిగి వెళ్లాలి.

రిపోర్టులో ‘ఎల్.ఏ. గ్రేడ్’ అని ఉంటే అది యాసిడ్ వల్ల అన్నవాహికలో పడిన పుండు ఎంత మేర పాకిందో చెప్పే కొలత. ‘ఏ’ అంటే ఐదు మిల్లీమీటర్లు మించని గీతలు. ‘డి’ అంటే చుట్టుకొలతలో ముప్పాతిక భాగానికి పైగా పుండు. ‘సి’, ‘డి’ ఉన్నవాళ్లకు మందులు వాడాక మళ్లీ కెమెరా వేసి చూస్తారు. మంట తగ్గింది కదా అని అది ఎగ్గొట్టకూడదు, పుండు కింద దాగిన మార్పులు అది మానాకే సరిగా కనిపిస్తాయి. ఇక అంతా నార్మల్ అని వచ్చినా ముద్ద దిగకపోతే పరీక్ష అక్కడితో ఆగదు. కండరాల ఒత్తిడి కొలిచే మానోమెట్రీ అనే మరో పరీక్ష ఉంది. దాని గురించి మీరే డాక్టరుని అడగండి.