శస్త్రచికిత్సకును పరీక్ష కలదు

మోకాలు నొచ్చుచున్నదని యొకడు చెప్పిన చాలును, వైద్యము చెప్పనివారుండరు. ఒకరు జిల్లేడాకు వెచ్చజేసి కట్టుమందురు. ఒకరు ఆముదము రాచి ఉప్పుకాపడము పెట్టుమందురు. మరియొకరు పట్టణమునకు పోయి సూదిమందు వేయించుకొమ్మందురు. రోగి మూడును చేయును. నెల గడచునప్పటికి నొప్పి కొంత తగ్గును. అంతట ముగ్గురును తమ మాటవలననే తగ్గినదని చెప్పుకొందురు. అది ఆకువలన తగ్గినదా, మందువలన తగ్గినదా, లేక కాలముగడచుటచే తనంతట తానే తగ్గినదా యని నిర్ణయించుటెట్లు? ఈ ప్రశ్న చిన్నదిగ దోచును గాని వైద్యశాస్త్రమున కిదియే మూలప్రశ్న. ఆకునకును మందునకును మాత్రమే కాదు, కత్తిపట్టిన వైద్యునికిని దీనికి ప్రత్యుత్తరము చెప్పుట తప్పదు. మోకాటి విషయమున నొకటి, పాదము విషయమున నొకటి, రెండు నిదర్శనములను మా చదువరుల కిందు వివరింప దలచితిమి.

మోకాలు మన శరీరమందలి కీళ్లలో మిక్కిలి పెద్దది. తొడయెముకయు, దానిక్రింది కాలియెముకయు నిచట కలియును. ముందువైపున మోకాటిచిప్ప కాపుగ నుండును. ఎముకల కొనలను నున్నని మృదులాస్థి కప్పియుండును. ఆ రెంటినడుమ నెలవంక యాకారముగల మెత్తని పలకలు రెండుండి, మనము నడచునపుడును దుముకునపుడును పడు బరువును పంచుకొనును. వయస్సు మీరినకొలది మృదులాస్థి యరిగిపోవును. అప్పుడు మెట్లెక్కుటయు, క్రింద కూర్చుండి లేచుటయు బాధాకరమగును. దీనినే కీళ్లరుగుదల యందురు.

1918వ సంవత్సరమున జపాను దేశపు టోక్యో నగరములో కెంజి తకాగి యను వైద్యుడు, మూత్రాశయమును పరీక్షించు గొట్టమును మృతుని మోకాటిలోనికి చొప్పించి లోపలి భాగములను చూచెను. ఆ గొట్టమును క్రమక్రమముగ బాగుచేసిరి. 1962లో మసాకి వతనబే యను వైద్యుడు దాని సాయముననే చిరిగిన పలకముక్కను తొలగించెను. మోకాటిని విప్పికోయకయే, చిన్న గాటుతో పని ముగియుట రోగులకు గొప్ప మేలయ్యెను. అందుచే ఈ పద్ధతి దేశదేశముల వ్యాపించెను. అరిగిన మోకాళ్లను కూడ ఇట్లే నీటితో కడిగి, లోపలి గరుకులను గీకుట వాడుకయ్యెను. ఒక్క అమెరికాలోనే 1990 తరువాతి సంవత్సరములలో ఏటేట ఆరున్నర లక్షలకు పైగా ఇట్టి చికిత్సలు జరిగెను. ఒక్కొక్కదానికి సుమారు 5,000 డాలర్లు ఖర్చగుచుండెను. నొప్పి తగ్గినదని రోగులనేకులు చెప్పిరి. కాని కడిగినంతమాత్రమున నేల తగ్గవలెనో స్పష్టముగ చెప్పగలవారు లేకపోయిరి.

ఈ సంశయమును తీర్చుటకు హ్యూస్టన్ నగరములోని మాజీ సైనికుల వైద్యశాలలో బ్రూస్ మోస్లీ యను శస్త్రవైద్యుడును, ఆయన సహచరులును పూనుకొనిరి. వారు 180 మంది రోగులను, చీట్లు వేసిన రీతిని, మూడు తెగలుగ విభజించిరి. మొదటి తెగవారి మోకాటిని నీటితో కడిగిరి. రెండవ తెగవారికి కడుగుటయేగాక గరుకులను గీకి నునుపు చేసిరి. మూడవ తెగవారికి మత్తు ఇచ్చి, చర్మముపై సెంటీమీటరు పొడవుగల మూడు గాట్లు పెట్టి, లోని కే పనిముట్టును పోనీయక కుట్టివేసిరి. అయినను వైద్యుడు పనిముట్ల నడుగుచు, నీటి చప్పుడు చేయించుచు, నిజమైన చికిత్స జరుగుచున్నట్లే నడపెను. ఎవరే తెగవారో రోగులకు తెలియదు; తరువాత వారిని పరీక్షించువారికిని తెలియదు. శస్త్రవైద్యునికే రోగి బల్లమీదికి వచ్చిన పిమ్మట ముద్రవేసిన కవరు విప్పినప్పుడు తెలిసెడిది.

ఇది రోగులను వంచించుట కాదా యని మా చదువరు లడుగవచ్చును. వంచన యెచట నున్నదనగా, చెప్పకుండ చేయుటయందున్నది. ఇచట నట్లు కాదు. తనకు ఉత్తుత్తి చికిత్సయే జరుగవచ్చుననియు, దానివలన మోకాటికి మేలు కలుగదనియు ప్రతి రోగియు ముందుగ స్వహస్తముతో వ్రాసి ఒప్పుకొనవలెను. తగినవారని యెంచబడిన 324 మందిలో 144 మంది యిందుకు సమ్మతింపలేదు, వారిని చేర్చుకొనలేదు. సమ్మతించినవారు తమ దేహమునే పరుల మేలుకొరకు పరీక్షకు పెట్టిరి. వారి త్యాగము కొనియాడదగినది.

రెండు సంవత్సరములు గడచెను. ఫలితము 2002లో ప్రకటింపబడెను. మూడు తెగలవారికిని నొప్పి కొంచెము తగ్గెను. కాని కడిగించుకొన్నవారుగాని, గీకించుకొన్నవారుగాని, ఉత్తగాట్లు పడినవారికంటె ఏ దశయందును మేలుగ నుండలేదు. తరువాత ఫిన్లాండు దేశములో అరుగుదల రోగము లేక, వయస్సుచే లోపలి పలక చిరిగిన 146 మందిని ఐదు వైద్యశాలలలో నిట్లే పరీక్షించిరి. సంవత్సరము గడచిన పిమ్మట చూడగా చిరుగును కత్తిరించినవారికిని, కత్తిరింపనివారికిని చెప్పుకోదగిన భేదము కనబడలేదు. ఈ సంగతి 2013లో వెలువడెను. అయితే మోకాటి శస్త్రచికిత్సలన్నియు వ్యర్థమని దీనినిబట్టి తలపరాదు. ఆటలో దెబ్బతగిలి పలక చిరిగినవారిని ఈ పరీక్షలో చేర్చనేలేదు. పరీక్ష దేనినిగూర్చి జరిగినదో దానికే దాని తీర్పు వర్తించును.

ఇక పాదముగూర్చి చెప్పెదము. వేయిమంది శిశువులలో ఇంచుమించు ఒకరిద్దరు వంకరపాదముతో పుట్టుదురు. మడమ పైకి లాగబడి, అరికాలు లోపలికి తిరిగియుండును. చికిత్స లేనియెడల బిడ్డ పాదపు వెలుపలి యంచుమీద నడచును. ఇట్టివానికి గ్రహణమును కారణముగ చెప్పువారు మనలో కలరు. అది తల్లిపై వృథానింద మోపుటయే. ఆమె దోష మిందేమియు లేదు.

ఇగ్నాసియో పొన్సెటి యను వైద్యుడు 1914లో స్పెయిన్ దేశపు మినోర్కా ద్వీపమున జన్మించెను. స్వదేశపు అంతర్యుద్ధమున క్షతగాత్రులకు సేవచేసి, పరదేశముల తలదాచుకొని, 1941లో అమెరికాలోని ఐయోవా విశ్వవిద్యాలయమును చేరెను. వంకరపాదములను కత్తితో సరిచేసినవారిని అనేకులను ఆయన పరిశీలించెను. చూపునకు పాదము తిన్ననయ్యెను గాని, పెద్దవారైన పిమ్మట అది బిగిసి నొచ్చుచుండెను. శిశువు పాదమందలి బంధనములు మృదువుగ లాగినచో సాగును గదా, కోయనేల యని ఆయన యోచించెను. వారమునకొకమారు పాదమును చేతితో మెల్లగ సవరించి, తొడనుండి వ్రేళ్లవరకు ప్లాస్టరు కట్టు వేయును. ఇట్టి కట్లు ఐదారు వేయునప్పటికి వంకర చాలవరకు తీరును. మడమవెనుకనున్న బిగువైన స్నాయువును మాత్రము అనేకులకు చిన్నగాటుతో తెంపవలసియుండును. అది కడపటి కట్టు లోపలనే మూడువారములలో తిరిగి యతుకును. పిమ్మట కడ్డీకి బిగించిన బూట్లజతను మూడునెలలు రేయింబవళ్లును, నాలుగేండ్లు వచ్చువరకు నిద్రవేళలందును తొడిగింపవలెను.

ఆయన ఈ పద్ధతిని 1963లో ప్రకటించెను. కాని చాలకాలము దానిని లెక్కచేసినవారు తక్కువ. పాదము బాగుపడినదో లేదో ఏడాదిలో తేలదు. ఆ బిడ్డ పెరిగి, పనిచేసి, ముప్పదియేండ్లు నడచిన పిమ్మటగాని నిజము తెలియదు. ఐయోవా వైద్యులు అంతకాలమును ఓపికపట్టి, పూర్వపు రోగులను పిలిపించి పరీక్షించిరి. 1995లో ఫలితము వెలువడెను. 45 మందిలో 35 మందికి, అనగా నూటికి 78 మందికి, పాదములు మంచిస్థితి యందుండెను. పుట్టుకతో ఏ లోపమును లేని 97 మందిని అదేరీతి పరీక్షింపగా నూటికి 85 మందియే అట్లుండిరి. ఇంత స్వల్పభేదమును చూచినపిమ్మట లోకము మేల్కొనెను. పొన్సెటి 2009లో కాలధర్మము నొందెను. నేడాయన పద్ధతి భారతదేశమునందును, అనేక దేశములందును ఆచరణయందున్నది.

చదువరులారా, ఈ రెండు కథలును ఒకే నీతిని బోధించుచున్నవి. ఒకచోట ప్రఖ్యాతినొందిన చికిత్స పరీక్షకు నిలువలేదు. వేరొకచోట ఆదరణలేని చికిత్స నిలిచెను. పేరునుబట్టిగాని, ఖర్చునుబట్టిగాని సత్యము నిర్ణయము కాదు. తాను చేసిన పనిని తానే శంకించి పరీక్షించుకొనువాడే నిజమైన విద్యార్థి.

తలిదండ్రులకు మా మనవి యొకటి. వంకరపాదముతో శిశువు పుట్టినయెడల దాచిపెట్టక, తొలివారములలోనే ఎముకల వైద్యునియొద్దకు తీసికొనిపొండు. కాలు తిన్ననయ్యెను గదా యని బూట్లు మానిపింపకుడు. మానినచో వంకర తరచుగ మరలివచ్చును. ఆటస్థలపు గట్టున కూర్చుండి తోడివారి పరుగును చూచుచుండు బాలుడు, తానును పరుగెత్తుట కొక మార్గ మేర్పడియున్నది. ఆ మార్గమున వానిని నడిపించుట పెద్దల చేతనున్నది.