టైటిల్ కొట్టినా కుర్చీకి గ్యారంటీ లేదు!

మీ ఆఫీసులో ఒక మేనేజర్ ఉన్నారనుకోండి. ఎవరూ కలలో కూడా ఊహించని ఫలితం తెచ్చి పెట్టారు. ఏడాది తిరక్కుండానే కంపెనీ ఆయన్ని ఇంటికి పంపేసింది. ‘ఇదెక్కడి న్యాయం?’ అంటారు కదా! ఫుట్‌బాల్‌లో అచ్చం ఇలాగే జరిగింది.

2015-16 సీజన్ మొదట్లో లెస్టర్ సిటీ ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ గెలుస్తుందా అంటే బెట్టింగ్ కంపెనీలు 5000కి 1 ఛాన్స్ ఇచ్చాయి. కోచ్ క్లాడియో రనియేరి ఆ జట్టునే ఛాంపియన్ చేశారు. తొమ్మిది నెలల తర్వాత, 2017 ఫిబ్రవరిలో క్లబ్ ఆయన్ని తీసేసింది. కారణం? జట్టు 17వ స్థానానికి జారింది. ఇంకొక్క మెట్టు దిగితే కింది డివిజన్‌కి పడిపోయే జోన్!

ఆయనొక్కరే కాదు. రాబర్టో డి మాటియో 2012 మేలో చెల్సీకి మొట్టమొదటి ఛాంపియన్స్ లీగ్ అందించారు, నవంబరులో ఉద్యోగం పోయింది. ఆంజ్ పోస్టెకోగ్లు 2025 మేలో టాటెన్‌హామ్‌కి యూరోపా లీగ్ తెచ్చారు. కానీ లీగ్‌లో జట్టు 17వ స్థానంలో ముగించడంతో 16 రోజులకే బయటికొచ్చారు. తర్వాత నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌లో చేరితే అక్కడ మరీ ఘోరం... 39 రోజులే! ఏరు దాటాక బోడి మల్లయ్య అంటే ఇదే.

కోచ్ మీదే ఎందుకు పడతారు?

ఓడేది పదకొండు మంది, పోయేది ఒక్కడి ఉద్యోగం. దీని వెనక సింపుల్ లెక్క ఉంది. ఆటగాళ్లను కొనాలన్నా, అమ్మాలన్నా వేసవిలో ఒకసారి, జనవరిలో ఒకసారి వచ్చే ట్రాన్స్‌ఫర్ విండోలోనే కుదురుతుంది. కోచ్‌ని మాత్రం ఏ సోమవారం పొద్దున్నయినా మార్చొచ్చు. ప్రీమియర్ లీగ్‌లో ఉన్న 20 జట్లలో చివరి మూడు కిందికి వెళ్లిపోతాయి. వెళితే టీవీ హక్కుల ఆదాయంలో పెద్ద కోత. అంత డబ్బు కళ్లముందు కదులుతుంటే యజమాని చేతిలో వెంటనే నొక్కగలిగిన బటన్ ఒక్కటే... కోచ్. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు!

మారిస్తే మారిపోతుందా?

‘రనియేరిని తీసేశాక లెస్టర్ వరసగా ఐదు లీగ్ మ్యాచ్‌లు గెలిచి, 12వ స్థానంలో నిలిచింది కదా! అంటే చేసింది కరెక్టే’ అనొచ్చు మీరు. చూడ్డానికి అలాగే ఉంటుంది. ఆగండి, మనం ఇంజినీరింగ్ చదివినవాళ్లం కదా... పోల్చడానికి ఇంకో గ్రూప్ లేకుండా టెస్ట్ రిజల్ట్ నమ్ముతామా?

ఆ పోలిక చేశారు డచ్ ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్. నెదర్లాండ్స్ లీగ్‌లో 1986 నుంచి 2004 వరకు లెక్కలు తీశారు. కోచ్‌ని మార్చిన జట్లను, అంతే ఘోరంగా ఓడుతూ కూడా మార్చని జట్లను పక్కపక్కన పెట్టారు. తేలిందేంటంటే, రెండూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. స్టాటిస్టిక్స్ సబ్జెక్టులో ‘రిగ్రెషన్ టు ది మీన్’ చదివుంటారు, గుర్తుందా? బాగా పడిపోయినది మళ్లీ తన సగటు వైపు వస్తుంది. కోచ్‌ని తీసేది ఎప్పుడూ బాగా పడిపోయినప్పుడే కాబట్టి, ఆ తర్వాత వచ్చే మెరుగుదల కొత్తాయన ఖాతాలో పడుతుంది.

నేనూ చప్పట్లు కొట్టాను

హైదరాబాద్‌లో నా మొదటి ఉద్యోగం. పండగ సేల్ రోజుల్లో మా యాప్ రోజుకోసారి డౌన్ అయ్యేది. మా టీమ్ లీడ్‌ని ప్రాజెక్టు నుంచి తప్పించారు. కొత్త లీడ్ వచ్చిన నెలకే అంతా కుదుటపడింది. టౌన్‌హాల్ మీటింగ్‌లో ఆయనకి అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. కొన్నాళ్లకి వేరే పనిమీద పాత లాగ్స్ తిరగేస్తుంటే విషయం అర్థమైంది. కోడ్‌లో ఏమీ మారలేదు. సేల్ అయిపోయింది, ట్రాఫిక్ తగ్గింది, అంతే! సర్వర్లు పెంచమని పాత లీడ్ రెండుసార్లు పెట్టిన మెయిల్ కూడా కనపడింది. అప్పటికే ఆయన రిజైన్ చేసి వెళ్లిపోయారు.

ఒకే మనిషి... రెండు కుర్చీలు

అందరు యజమానులూ అలా ఉండరు. గ్రాహం పాటర్ కోచ్‌గా బ్రైటన్ క్లబ్ 2019-20లో 41 పాయింట్లు తెచ్చింది. తర్వాతి ఏడాదీ అవే 41. ఇంకో క్లబ్ అయితే ఆయన కుర్చీ కదిలేదే. కానీ బ్రైటన్ యజమాని టోనీ బ్లూమ్ గణాంకాల మనిషి. జట్టు సృష్టిస్తున్న అవకాశాల నాణ్యతను కొలిచే ‘ఎక్స్‌పెక్టెడ్ గోల్స్’ లెక్కలో బ్రైటన్ తన స్థానం కంటే బాగా ఆడుతోందని కనిపించింది. ఆగారు. 2021-22లో 51 పాయింట్లు, 9వ స్థానం!

అదే పాటర్ 2022 సెప్టెంబరులో చెల్సీకి వెళ్లారు. ఏడు నెలలు కూడా నిలవలేదు. మనిషి మారలేదు, కుర్చీ మారింది.

మరి మనమేం చేయాలి?

లేఆఫ్ వార్తలు వింటూ ఉద్యోగం మొదలుపెడుతున్న మీకు ఇందులో పనికొచ్చేవి మూడున్నాయి.

* చేరే ముందే అడగండి. ‘మొదటి ఆరు నెలల్లో నా పనిని దేంతో కొలుస్తారు?’ ఇంటర్వ్యూ చివర్లో అడిగే ఈ ఒక్క ప్రశ్నతో అది బ్రైటన్ కుర్చీయో, చెల్సీ కుర్చీయో కొంతైనా తెలుస్తుంది.
* లెక్క రాసుకోండి. ఏం చేశారు, ఏం హెచ్చరించారు, ఎప్పుడు చెప్పారు... వారానికి నాలుగు లైన్లు చాలు. ఫలితం మీ చేతిలో ఉండకపోవచ్చు, రికార్డు ఉంటుంది.
* మీతో మీరు నిజాయితీగా ఉండండి. అన్నిసార్లూ దురదృష్టమే కాదు, కొన్నిసార్లు తప్పు మనదే. ఆ లెక్క చూస్తే రెండింటికీ తేడా తెలుస్తుంది.

ఇంకో మాట. ఫుట్‌బాల్ కోచ్‌కి తీసేసినా చాలాసార్లు కాంట్రాక్టు ప్రకారం పరిహారం వస్తుంది. మనలో కొందరికి వచ్చేది నోటీస్ పీరియడ్ జీతమే. అందుకే కనీసం ఆరు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకున్నాకే కొత్త ఫోన్ ఈఎంఐ గురించి ఆలోచించండి!

ఇంతకీ రనియేరి ఏమయ్యారనుకుంటున్నారు? 2024 నవంబరులో, 73 ఏళ్ల వయసులో, రిటైర్మెంట్ పక్కనపెట్టి వచ్చి రోమా జట్టు పగ్గాలు పట్టారు. ఆ సీజన్‌లో అప్పటికే ఇద్దరు కోచ్‌లను తీసేసిన క్లబ్ అది. కింద ఎక్కడో కొట్టుకుంటున్న జట్టును 5వ స్థానానికి చేర్చారు. కుర్చీ పోయింది కానీ, పని పోలేదు. మనం కాపాడుకోవాల్సింది కూడా ఆ రెండోదాన్నే.