ఆకుపచ్చలో దాగిన వన్నె

మొన్నటి వేసవిలో మా మేనమామగారు పల్లెనుండి విశాఖపట్టణము వచ్చి, మా మేడమీది పక్షుల గూళ్ల యెదుట కుర్చీ వేయించుకొని కూర్చుండిరి. ఆయనకు ఎనుబదియేండ్లు దాటినవి. వయసులో కోళ్లను పెంచినవారు. డేగ, కాకి, నెమలి, సేతు, పింగళ, అబ్రాసు అని కోడివన్నెలను తడువుకొనకుండ చెప్పగలరు. కొంతసేపు చూచి, నా చేతిలోని లెక్కపుస్తకమును చూపి, "ఒరే అల్లుడూ, ఈ లవ్‌బర్డ్స్‌ను సంతలో బుట్టలకొద్దీ అమ్ముతున్నారు గదా. వీటికి కూడా పుస్తకమెందుకురా?" అనిరి. ఆనాడు ఆయనకు చెప్పినదే నేడు మీకును మనవి చేయుచున్నాను.

మొదట పేరు సరిచేసికొందము. మన పట్టణములలో లవ్‌బర్డ్స్ అని అమ్ముడుపోవు చిన్నచిలుకలలో పెక్కు నిజమునకు బడ్జెరిగారులు. లవ్‌బర్డు అను చిలుక వేఱు. అది ఆఫ్రికా ఖండపుది. బడ్జెరిగారు ఆస్ట్రేలియా దేశపు పక్షి. అచటి ఎండు భూములలో వేలకొలదిగా గుంపుగట్టి, వాన కురిసి గడ్డి గింజపట్టిన తావులను వెదకికొనుచు తిరుగుచుండును. అడవిపక్షి పొడవు జానకు తక్కువ; తూకము మూడు తులములు. 1805లో జార్జి షా అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు దీనిని లోకమునకు వర్ణించి చెప్పెను. 1840లో జాన్ గూల్డు అనునాతడు దీనిని ప్రాణముతో ఇంగ్లండునకు కొనిపోయెను. నేడు కుక్కయు పిల్లియు తరువాత మనుష్యుల యిండ్లలో విరివిగ పెరుగు జీవములలో ఇదియొకటి.

చిలుకను గూటిలో పెట్టుట నేరము కాదా యని మీలో కొందఱడుగవచ్చును. మన రామచిలుకను పట్టుటయు, అమ్ముటయు, గూటిలో నుంచుటయు 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నేరమే. బడ్జెరిగారు మన యడవిలోనిది కాదు. తరతరములుగా గూళ్లలోనే పుట్టి పెరిగినది. జాలిపడి విడిచిపెట్టితిమా, మా వీధి కాకులు దానిని సాయంకాలమువరకును బ్రతుకనీయవు.

అడవిలో దీని వన్నె యొక్కటే, ఆకుపచ్చ. మఱి గూళ్లలో నీలము, పసుపు, తెలుపు, బూడిద, ఊదా ఎట్లు వచ్చినవి? అద్దకమువారికి బట్టను నీలిలో ముంచి పిదప పసుపులో ముంచినచో ఆకుపచ్చ యగునని తెలియును. ఈ పక్షి ఈకయు నట్టిదే గాని ఒక చిత్రమున్నది. ఈకలో నీలిరంగు పదార్థమే లేదు. ఈక లోపలి అతిసూక్ష్మమైన కట్టుబడి వెలుతురును చెదరగొట్టి నీలముగ చూపును. అడుగున నున్న నలుపు ఆ నీలమును గాఢము చేయును. పైని పసుపు కలిసి మన కంటికి ఆకుపచ్చయగును. పసుపు లోపించిన పక్షి నీలముగ పుట్టును. అట్టిది పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున బెల్జియములో మొదట కనబడెను. నలుపు లోపించినచో పసుపుపక్షి. రెండును లోపించినచో తెల్లనిది. ఈ పసుపును తయారుచేయు జన్యువును, దానిలో ఒక్క అక్షరము తప్పినట్టి మార్పుచే పక్షి నీలమగుటను 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు కనిపెట్టిరి.

నేను పెంచునది వీనిలో అరుదైన వన్నె. దానిని ఫాలో అందురు. దున్ని విత్తక విడిచిన భూమికిని ఆంగ్లేయులు వాడు మాట ఇదియే. 1930 తరువాత జర్మనీలో నిలుకడకు వచ్చిన వన్నె యిది. ఈ పక్షిలో నలుపు పూర్తిగా పోలేదు, గోధుమరంగునకు తిరిగినది. ఱెక్కలమీది చారలు, మెడక్రింది చుక్కలు, సామాన్యపక్షికి నల్లగ నుండవలసినవి, దీనికి ఎండుటాకు రంగున నుండును. ఒడలు లేతపసుపు, తోకమొదట మాత్రము ఆకుపచ్చ నీడ. కన్ను ఎఱ్ఱన, దానిచుట్టు తెల్లని వలయము. మిట్టమధ్యాహ్నపు వెలుగును ఆ కన్ను సహింపలేదు గనుక వీని గూళ్లకు పడమటివైపున తడిక కట్టించితిని.

ఇక అసలు సంగతి. ప్రతి పక్షియు ఇట్టి లక్షణమునకు తండ్రినుండి ఒకటి, తల్లినుండి ఒకటి, రెండు జన్యువులను పొందును. ఫాలో వన్నె పైకి కనబడవలెనన్న రెండును ఫాలోవే కావలెను. ఒకటి ఫాలోది, ఒకటి సామాన్యమైనది అయినచో పక్షి ఆకుపచ్చగనే యుండును, కన్ను నల్లగనే యుండును. ఎంత నేర్పరియైనను చూచి గుర్తింపజాలడు. ఇట్టిదానిని పెంపకందార్లు స్ప్లిట్ అందురు. నేను నా పుస్తకములో 'దాపు' అని వ్రాసికొందును. ఫాలోను సామాన్యపక్షితో జతగూర్చిన పిల్లలన్నియు దాపులు. దాపును ఫాలోతో గూర్చిన సగము ఫాలోలు, సగము దాపులు. దాపును దాపుతో గూర్చిన నాలుగింట ఒకటి ఫాలో, రెండు దాపులు, ఒకటి ఏమియు లేనిది. ఈ చివరి మూడును ఒక్క పోలికగనే యుండును. పైగా ఈ నాలుగింట ఒకటి యనునది బజారులో తూచి యిచ్చు లెక్క కాదు. ప్రతి గ్రుడ్డునకును చీటి వేఱుగ తీయవలసినదే.

"కోడి నాణ్యము పెట్టలో ఉంటుందిరా, పుంజులో కాదు" అనిరి మామయ్యగారు. ఆయన మాట సగము నిజము. ఈ వన్నెకు తల్లి యెంతయో తండ్రియు నంతయే. ఒక్కరి యొద్ద లేకున్నను పిల్లకు పైకి రాదు.

ఈ తెలివి నాకు మొదట లేదు. 2009లో దూరపు నగరమున ఒక వర్తకునియొద్ద ఎఱ్ఱకన్ను జంటను కొంటిని. పుట్టిన పిల్లలన్నియు ఎఱ్ఱకన్నువే! ఆ సంతోషములో అన్నను చెల్లెలితోనే జతగూర్చితిని. వాని పిల్లలనును అట్లే చేసితిని. మూడవతరమునకు గ్రుడ్లలోనే పిల్లలు చచ్చుట మొదలయ్యెను. బ్రతికినవి పిచ్చుకలంత, ఒకదానికి చూపే లేదు. నేను కొన్న జంటయు తోబుట్టువులే యని తరువాత తెలిసినది. వర్తకుడు చెప్పలేదు, నేను అడుగనులేదు. వన్నె దాగినట్లే లోపములును దాగియుండును. రెండు వైపులనుండి ఒకే లోపము వచ్చి కలిసినప్పుడు బయటపడును. మేనరికముల విషయమున వైద్యులు చెప్పుమాటయు నిదియే, మన మది చెవిని బెట్టినను బెట్టకున్నను.

చక్కదిద్దు త్రోవ యొకటే: ఎఱ్ఱకన్ను పక్షిని, దానితో చుట్టఱికము లేని పెద్ద ఆకుపచ్చ పక్షితో కలిపి దాపులను తీయుట, ఆ దాపులనుండి మరల వన్నెను రాబట్టుట. రెండుతరములు పట్టును. నడుమ తరములో మన కంటికి ఏమియు కనబడదు. వచ్చినవారు చూచి, "ఇవి మామూలువే గదా" అందురు.

2014 అక్టోబరు నాటికి నాయొద్ద ఫాలోలు తొమ్మిది, దాపులు పదునాలుగు ఉండెను. ఫాలోలను మేడమీద మంచిగూటిలో నుంచితిని. దాపులలో రెంటిని, ఎవరైన పిల్లలడిగిన ఇచ్చివేయుదమని, మెట్లక్రింది కొట్టులో పాతపంజరమున పెట్టితిని. ఆ నెల 12వ తేదీ ఆదివారమునాడు హుద్‌హుద్ తుపాను మా పట్టణముమీదనే తీరము దాటెను. ఆనాటి గాలిని విశాఖవారికి వర్ణించి చెప్పనక్కఱలేదు. తక్కినవారికి చెప్పిన నమ్మరు. సాయంకాలము నేను మేడ యెక్కునప్పటికి కప్పురేకులు లేవు, గూళ్లు లేవు. ఇనుపవల ఒకటి ప్రక్కయింటి కొబ్బరిమొదటికి చుట్టుకొని యుండెను. పక్షి ఒక్కటియు లేదు. మెట్లక్రింది కొట్టులో మాత్రము రెండు ఆకుపచ్చ పక్షులు చీకటిలో కొఱ్ఱలు కొఱుకుచుండెను.

ఆ రెంటిని ఇచ్చివేసి ఈ పని చాలింపదలచితిని. నా భార్య పుస్తకము తీసి చూచి, "ఈ పుంజు తండ్రి ఎఱ్ఱకన్నుదని మీరే వ్రాసితిరి. ఈ పెట్ట తల్లియు అంతే" అనెను. తక్కిన పెద్దలు వేఱువేఱు. రెండును దాపులనుటకు సందేహము లేదు.

మరుసటి యేడు చలికాలమున గూడుపెట్టె కట్టితిని. బడ్జెరిగారు పెట్ట దినము విడిచి దినము గ్రుడ్డు పెట్టును. పదునెనిమిది దినములకు పిల్ల యగును. మొదటికాపున ఐదు పిల్లలు, ఐదును నల్లకన్నువే. పెట్టకు రెండు నెలలు విశ్రాంతి యిచ్చితిని. కొఱ్ఱలు, సజ్జలు, మొలకలు పెట్టితిమి. సున్నపుశక్తికి సముద్రపునురుగు కావలెను. అంగడిలో కొననక్కఱలేదు, ఉదయము సముద్రపుటొడ్డున నడిచిన చేతికి దొరకును. దానిని మంచినీట రెండుమూడు దినములు నానబెట్టి ఉప్పు పోగొట్టి యీయవలెను. రెండవకాపున నాలుగు గ్రుడ్లు. పుట్టిన పిల్లకు కన్ను తెరువకున్నను సన్నని తోలుక్రింద గ్రుడ్డు నల్లగ కనబడును. మూడవపిల్లను అరచేతిలో నుంచుకొని నా భార్య నన్ను కేకవైచెను. దాని రెప్పక్రింద నలుపు లేదు. లేత దానిమ్మగింజ రంగు.

ఆ పుంజును రెండేండ్లకు ఒక నగరపు ప్రదర్శనమునకు కొనిపోతిని. ప్రదర్శనపు పంజరము వెలుపల నలుపు, లోపల తెలుపు. అందఱిదియు నొకే కొలత. న్యాయనిర్ణేత వన్నెకంటె ముందు నిలుకడను, తల వెడల్పును, మెడచుక్కల గుండ్రదనమును చూచును. వన్నె అరుదని మార్కులు దానము చేయరు. నా పుంజు తల ఇఱుకని చెప్పి వెనుక వరుసలో నిలిపిరి. అది న్యాయమైన మాటయే. వన్నెనే చూచుకొని తిరిగిన నాకు తల కనబడలేదు.

ఈయేడు దాని మనుమనికి వెడల్పు తల గల ఆకుపచ్చ పెట్టను, ఏ వన్నెయు దాగనిదానిని, జతగూర్చితిని. మామయ్యగారు వచ్చునప్పటికి పెట్టెలో నాలుగు గ్రుడ్లున్నవి. "వీటిలో ఎన్ని ఎఱ్ఱకన్నువిరా?" అని అడిగిరి. ఒక్కటియు కాదంటిని. వారము నిండగానే నాల్గింటి కాళ్లకును సంవత్సరము, సంఖ్య చెక్కిన ఉంగరములు తొడిగి, పుస్తకమున నాలుగు పంక్తులు వ్రాసికొంటిని. నాలుగింటి కెదుటను ఒకే మాట: దాపు.