జ్వరంతో మాట తడబడుతోందా? తెల్లారే దాకా ఆగొద్దు!

మూత్రంలో మంట, కాలి పుండు, న్యుమోనియా... ఏ ఇన్‌ఫెక్షన్‌ అయినా అదుపు తప్పితే సెప్సిస్‌కు దారితీయొచ్చు. బ్యాక్టీరియా రక్తంలో చేరడం ఒక్కటే కాదు. దాన్ని ఎదుర్కోబోయి శరీరం తన అవయవాలనే దెబ్బతీసుకోవడం అసలు ముప్పు. 2017లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 1.1 కోట్ల మరణాలు సెప్సిస్‌తో ముడిపడినవేనని అంచనా.

ఇన్‌ఫెక్షన్‌ ఉన్నవారు నిమిషానికి 22 సార్లు, అంతకన్నా ఎక్కువగా శ్వాస తీసుకుంటున్నా, బీపీ పై సంఖ్య 100కు పడిపోయినా, మగతగా, తికమకగా ఉన్నా, మూత్రం బాగా తగ్గినా అత్యవసరమే. పెద్ద వయసువారికి జ్వరం రాకపోవచ్చు కూడా. ‘నీరసంలే’ అని వదిలేయొద్దు.

కౌకూర్‌ వంటి శివారు కాలనీల్లో రాత్రిపూట ఇలా జరిగితే క్లినిక్‌ తెరిచే దాకా చూడకుండా 108కి ఫోన్‌ చేయండి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సేవ ఉచితం.

ఆసుపత్రిలో వీలైనంత వరకు యాంటీబయాటిక్‌కు ముందే రక్తం తీసి కల్చర్‌కు పంపుతారు. ఫలితానికి ఒకట్రెండు రోజులు పట్టొచ్చు. అందాకా ఆగకుండా మందు మొదలెడతారు. షాక్‌లో ఉంటే గంటలోపే ఇవ్వాలి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్‌ ముందే వేసేస్తే కల్చర్‌లో సూక్ష్మజీవి దొరక్కపోవచ్చు. వేసి ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి.